ఇల్లే కంపెనీ, కంపెనీయే ఇల్లు

ఇల్లరికపుటల్లుడంటే మనవాళ్ళకు కొంచెం చులకన. జపానులో అలా కాదు. అక్కడి వర్తక కుటుంబాలలో కన్నకొడుకు వ్యాపారానికి పనికిరాడని తేలితే, సమర్థుడైన గుమాస్తాను చూసి, పిల్లనిచ్చి, ఇంటిపేరు కూడా ఇచ్చి పెత్తనం అప్పగించడం పాత ఆచారం. మారుతి కార్ల ద్వారా మనకు పరిచయమైన సుజుకీ కంపెనీని దశాబ్దాలపాటు నడిపిన ఒసాము సుజుకీ కూడా ఇల్లరికం వెళ్ళినవాడే. పుట్టింటి పేరు మత్సుదా. 1958లో సుజుకీవారి పిల్లను పెళ్ళాడి, 1978లో కంపెనీ అధ్యక్షుడైనాడు.

ఎందుకిలా అంటారా? జపాను వర్తకుడికి ఇల్లు అంటే రక్తసంబంధం మాత్రమే కాదు, తరతరాలు నిలవవలసిన సంస్థ. మనుషులు పోతారు, ఇల్లు పోకూడదు. అక్కడి కంపెనీల కథకు మూలం ఈ ఒక్క మాటలో ఉన్నది.

1673లో మిత్సుయి తకతోషి అనే వర్తకుడు, నేడు టోక్యో అని పిలిచే ఎదో నగరంలో ఎచిగోయా అనే బట్టల కొట్టు పెట్టాడు. బేరం లేదు, అరువు లేదు. ఒకే ధర, రొక్కం. ఆ రోజుల్లో పెద్ద కొట్లలో పదేళ్ళ ప్రాయంలో చేరిన కుర్రవాడు ఊడ్చి, మూటలు మోసి, లెక్కలు నేర్చి క్రమంగా పెద్ద గుమాస్తా అయ్యేవాడు. ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసినవాడికి యజమాని వేరే కొట్టు పెట్టించేవాడు. తన కొట్టు గుర్తు వేసిన గుమ్మపు తెరను కట్టుకోనిచ్చేవాడు. ఆ తెర పేరు నోరెన్. పరువు ప్రతిష్ఠలన్నీ ఆ గుడ్డముక్కలోనే!

1868 తరువాత ఫ్యాక్టరీలు వచ్చాయి. మిత్సుయి, మిత్సుబిషి, సుమితోమో, యసుదా అనే కుటుంబ సంస్థల చేతుల్లో బ్యాంకులు, గనులు, ఓడలు చేరాయి. అయితే ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ ఇంట్లో చోటు దొరకలేదు. కూలి ఎక్కువ ఇచ్చేచోటికి అతడు పోయేవాడు. పని లేనినాడు యజమాని పొమ్మనేవాడు. కనుక జపానువాడు పుట్టుకతోనే కంపెనీ భక్తుడనే మాట నిజం కాదు.

ఆ భక్తి కలహంలో పుట్టింది. 1945లో జపాను యుద్ధంలో ఓడింది. ఆక్రమణ ప్రభుత్వం ఆ కుటుంబాల గుత్తాధిపత్యాన్ని విడగొట్టింది. కార్మిక సంఘాలు తలెత్తాయి. 1950లో దివాలా అంచుకు వచ్చిన టొయోటా కంపెనీ కార్మికులను తగ్గించబోతే సమ్మె జరిగింది. ఎందరికో ఉద్యోగాలు పోయాయి. సంస్థాపకుడు కీచిరో టొయోడా కూడా బాధ్యత వహించి పదవి వదులుకున్నాడు. 1953లో నిస్సాన్‌లో, 1960లో మిత్సుయి బొగ్గు గనిలో ఇంకా పెద్ద పోరాటాలు జరిగాయి.

ఇన్ని దెబ్బలు తిన్నాక పెద్ద కంపెనీలలో ఒక ఒప్పందం కుదిరింది. కాగితం మీద వ్రాయని ఒప్పందం అది. చదువు కాగానే చేరినవాణ్ణి రిటైరయ్యేదాకా తీసివేయరు. జీతం సర్వీసుతో పెరుగుతుంది. కార్మిక సంఘం ఆ కంపెనీవరకే. బదులుగా అతడు ఏ ఊరికి పంపితే ఆ ఊరికి పోవాలి, ఏ పని చెబితే ఆ పని చేయాలి.

ఉద్యోగం పోదన్న ధీమా ఉన్నవాడు తప్పు దాచడు. 1924లో సకిచి టొయోడా, పోగు తెగగానే తనంతట ఆగిపోయే మరమగ్గాన్ని తయారుచేశాడు. అదే సూత్రం తరువాత కార్ల ఫ్యాక్టరీకి వచ్చింది. లోపం కనబడితే మామూలు కార్మికుడు సైతం తాడు లాగి పని ఆపించవచ్చు. జపాను సరుకు నాణ్యతలో ఆ తాడుకూ వాటా ఉన్నది.

ఈ భద్రతకు ఖరీదు లేకపోలేదు. పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉండే తండ్రి పిల్లలకు ఆదివారపు చుట్టమైనాడు. పని భారంతో చనిపోవడానికి ‘కరోషి’ అనే మాటే పుట్టింది. అదనపు గంటలకు చట్టం గట్టి హద్దు పెట్టినది 2019 నుంచే.

1990 దశకంలో ఆర్థికపు బుడగ పగిలింది. 1997లో నూరేళ్ళ యమైచి సెక్యూరిటీస్ మూతపడినప్పుడు దాని అధ్యక్షుడు విలేకరుల ముందు కన్నీళ్ళు పెట్టుకుని, తప్పు తమదే గాని ఉద్యోగులది కాదన్నాడు. ఇల్లు కూలిన ఇంటిపెద్ద ఏడుపది. నేడు జపానులో ఉద్యోగులలో మూడోవంతుకు పైగా పర్మనెంటు కానివారే. వారు గుమ్మపు తెర దాటి లోపలికి రాలేదు.

‘మనమంతా ఒకే కుటుంబం’ అనే కంపెనీలు మన దేశంలోనూ ఉన్నాయి. మన పిల్లలు అందులో చేరేముందు ఒక్క సంగతి ఆలోచించాలి: కష్టం వచ్చిననాడు ఆ ఇంటిపెద్ద ఎవరిని లోపల ఉంచుకుంటాడు, ఎవరిని గుమ్మం బయట నిలబెడతాడు?