జర్మనీ కారుకి బ్రిటన్ నంబర్ ప్లేట్: ముందు ఇన్సూరెన్సా, రిజిస్ట్రేషనా?

మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో నాలుగేళ్లు ఉద్యోగం చేశారు, ఇష్టపడి ఒక కారు కొనుక్కున్నారు, ఇప్పుడు లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కొత్త జాబ్ వచ్చింది. కారుని కూడా తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. తీసుకెళ్లొచ్చు. కానీ తీసుకెళ్లాక మధ్యలో ఒకచోట ఇరుక్కుపోతారు. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఆ ఒక్క చోటు గురించే.

ఎక్కడ ఇరుక్కుంటారంటే, ఇన్సూరెన్స్ కోట్ తీసుకుందామని ఏదైనా కంపారిజన్ సైట్ ఓపెన్ చేస్తే మొదటి బాక్స్‌లోనే బ్రిటన్ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతుంది. మీ దగ్గర అది లేదు. ఆ నంబర్ ఇచ్చేది డీవీఎల్ఏ, అంటే అక్కడి మన ఆర్టీఏ లాంటిది. నంబర్ ఇవ్వాలంటే వాళ్లకి టెస్ట్ పాసైన కాగితాలు కావాలి. టెస్ట్‌కి కారుని రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్లాలంటే ఇన్సూరెన్స్ ఉండాలి. ఇన్సూరెన్స్‌కి మళ్లీ నంబర్ కావాలి! కోడింగ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన సీనే, పక్కా డెడ్‌లాక్.

దీన్ని విప్పే తాళంచెవి విన్ నంబర్. వెహికల్ ఐడెంటిఫికేషన్ నంబర్, 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. మనం చాసిస్ నంబర్ అంటాం కదా, అదే. మన దగ్గర షోరూమ్‌లో కొత్త కారు తీసుకున్నప్పుడు గుర్తు తెచ్చుకోండి. పర్మనెంట్ నంబర్ రాకముందే టీఆర్ నంబర్‌తో కారు బయటికొస్తుంది, ఇన్సూరెన్స్ అప్పటికే చాసిస్ నంబర్ మీద తయారై ఉంటుంది. బ్రిటన్‌లో కూడా ఇంపోర్ట్ చేసిన కారుకి విన్ మీద పాలసీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. కాకపోతే కంపారిజన్ సైట్‌లో నాలుగు క్లిక్‌లతో దొరకదు, ఫోన్ చేసి మాట్లాడాలి. ఇంపోర్ట్ కార్లు చూసే స్పెషలిస్ట్ బ్రోకర్లు ఉంటారు. బ్రిటిష్ ఇన్సూరెన్స్ బ్రోకర్స్ అసోసియేషన్, షార్ట్‌గా బీబా, బ్రోకర్‌ని వెతికిపెట్టే సర్వీస్ నడుపుతుంది. అక్కడ మొదలుపెట్టండి.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కొన్ని విషయాలు వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి. స్టీరింగ్ ఎడమవైపు ఉంది. బయటి దేశం నుంచి వచ్చిన కారు. హెడ్‌లైట్లు మార్పించాను, స్పీడోమీటర్ మార్పించాను. మనకి ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తాయి, కానీ రేపు యాక్సిడెంట్ అయ్యాక "ఇది మాకు చెప్పలేదే" అని క్లెయిమ్ తగ్గించడానికో, ఆపేయడానికో వాళ్లకి అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఇంకోటి, జర్మనీలో క్లెయిమ్స్ లేకుండా నడిపిన ఏళ్లకి అక్కడి కంపెనీ నుంచి ఇంగ్లీషులో లెటర్ తెచ్చుకోండి. అన్ని కంపెనీలూ ఒప్పుకోవు, కానీ ఒప్పుకునే కంపెనీ దొరికితే ప్రీమియంలో తేడా గట్టిగానే ఉంటుంది. బ్రిటన్‌లోకి దిగాక జర్మన్ ఆఫీసుకి మెయిల్స్ పెట్టి తెప్పించుకోవడం కంటే, బయల్దేరే ముందు అడిగి తీసుకోవడం చాలా సుఖం.

ఇప్పుడు మొదటికి వద్దాం. కారు కదలకముందే చేయాల్సింది ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రిలీఫ్ అప్లికేషన్. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి మీ కారు అక్కడికి ఒక ఇంపోర్ట్ సరుకు. మామూలుగా కారు మీద 10 శాతం డ్యూటీ, దాని మీద 20 శాతం వ్యాట్. 12,000 పౌండ్ల కారు అనుకోండి. డ్యూటీ 1,200, వ్యాట్ 2,640, మొత్తం 3,840 పౌండ్లు. రవాణా ఖర్చు లెక్కలోకి వస్తే ఇంకొంచెం పెరుగుతుంది. రిలీఫ్ దొరికితే ఇదంతా మిగులుతుంది. దానికి రూల్స్ ఉన్నాయి: మీరు కనీసం 12 నెలలు వరసగా బ్రిటన్ బయట ఉండి ఉండాలి, కారు కనీసం 6 నెలలు మీ దగ్గర ఉండి మీరు వాడి ఉండాలి. వచ్చాక 12 నెలల దాకా దాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ అప్పుగా కూడా ఇవ్వకూడదు. బయల్దేరే ముందు వారం కొత్త కారు కొని, ట్యాక్స్ లేకుండా దింపేద్దాం అనే తెలివితేటలు ఇక్కడ పనిచేయవు.

కారు దిగిన 14 రోజుల్లోపు హెచ్ఎంఆర్‌సీకి, అంటే అక్కడి ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌కి, నోవా అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో చెప్పాలి. రిలీఫ్ వచ్చింది కదా, ఇంకెందుకు అనుకోవద్దు. నోవా రికార్డ్ క్లియర్ కాకపోతే డీవీఎల్ఏ మీ ఫైల్‌ని ముందుకి కదపదు.

తర్వాత కారు టెక్నికల్‌గా అక్కడి రోడ్లకి సరిపోతుందని నిరూపించుకోవాలి. జర్మనీలో కుడివైపు నడుపుతారు, బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపు. కాబట్టి డిమ్ కొట్టినప్పుడు హెడ్‌లైట్ కాంతి ఎడమ అంచు వైపు వంగాలి, లేకపోతే ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలో పడుతుంది. స్పీడోమీటర్ మైళ్లలో చూపించాలి. వెనక ఫాగ్ లైట్ కుడివైపో, మధ్యలోనో ఉండాలి. చాలా జర్మన్ కార్లకి అది ఒక్కటే ఉంటుంది, అదీ ఎడమవైపు. కొన్ని కార్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే స్పీడోమీటర్ మారిపోతుంది, హెడ్‌లైట్లు మాత్రం కొన్నింటికి మొత్తం యూనిట్లే మార్చాలి. ఖర్చు అక్కడే పేలుతుంది. అందుకే జర్మనీలో ఉండగానే మీ మోడల్‌కి ఆ పార్ట్స్ ధర కనుక్కోండి. కంపెనీ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మిటీ కూడా దగ్గర పెట్టుకోండి, అప్రూవల్‌కి అది కావాలి. కారు వయసు 3 ఏళ్లు దాటితే ఎంఓటీ టెస్ట్ కూడా ఉంటుంది. మన ఫిట్‌నెస్ టెస్ట్ లాంటిదే, దాన్ని విన్ నంబర్ మీదే చేయించుకోవచ్చు.

విన్ మీద తీసుకున్న పాలసీ ఇక్కడ పనికొస్తుంది. రిజిస్టర్ కాని కారుని రోడ్డు మీదికి తీసేందుకు అనుమతి ముందే బుక్ చేసుకున్న ఎంఓటీకో, అప్రూవల్ టెస్ట్‌కో వెళ్లడానికి మాత్రమే. దార్లో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి కరివేపాకు తీసుకునే ప్రోగ్రాం పెట్టుకోకండి, నిజంగా చెప్తున్నా. మిగతా రోజుల్లో కారు ఎక్కడ పెడతారనేది కూడా ముందే చూసుకోవాలి. ఇలాంటి కారుని పబ్లిక్ రోడ్డు మీద పార్క్ చేసి ఉంచడం కూడా కుదరదు. బ్రిటన్‌లో చాలా అద్దె ఇళ్లకి వీధి పార్కింగే దిక్కు. సొంత డ్రైవ్‌వే లేకపోతే ఎవరిదైనా ప్రైవేట్ స్థలం మాట్లాడుకోవాలి.

"జర్మన్ ప్లేట్‌తోనే 6 నెలలు తిరగొచ్చట కదా అన్నా" అని కొందరు అడుగుతారు. ఆ 6 నెలలు విజిటర్ల కోసం. మీరు ఇల్లు తీసుకుని, ఉద్యోగంలో చేరి, అక్కడే ఉంటున్నారు. మీరు విజిటర్ కారు. పైగా జర్మనీలో కారు డీరిజిస్టర్ అయితే అక్కడి ఇన్సూరెన్స్ కూడా పోతుంది.

అన్నీ చేతికి వచ్చాక, వాడిన కారు కాబట్టి వీ55/5 అనే ఫారం నింపి, 55 పౌండ్ల ఫీజు, రోడ్ ట్యాక్స్, ఐడీ, అడ్రస్ ప్రూఫ్‌ల కాపీలు జతచేసి స్వాన్సీలోని డీవీఎల్ఏకి పోస్ట్ చేయాలి. ఒరిజినల్ జర్మన్ రిజిస్ట్రేషన్ పేపర్ కూడా పంపాలి, అది మీకు తిరిగి రాదు. రెండు వైపులా శుభ్రంగా స్కాన్ చేసి పెట్టుకోండి. వారాలు పట్టొచ్చు. వీ5సీ వస్తుంది, అంటే మన ఆర్సీ. దాన్ని చూపించి రిజిస్టర్డ్ షాపులో ప్లేట్లు చేయించుకోవాలి, ముందు తెలుపు, వెనక పసుపు.

చాలామంది ఇక్కడ పనైపోయిందనుకుని కారు తీసుకుని రోడ్డెక్కేస్తారు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం నా లెక్కలో ఇదే. మీ పాలసీ ఇంకా విన్ మీదే ఉంది. పోలీసు కెమెరాలు చదివేది నంబర్ ప్లేట్‌ని. అది మోటార్ ఇన్సూరెన్స్ డేటాబేస్‌లో లేకపోతే ఆ కెమెరా దృష్టిలో మీకు ఇన్సూరెన్స్ లేనట్టే. డబ్బు కట్టి ఉన్నా సరే, రోడ్డు పక్కన ఆపి మీరు సమాధానం చెప్పుకోవాలి, కంపెనీ నిర్ధారించలేకపోతే కారు సీజ్ చేయొచ్చు. నంబర్ వచ్చిన రోజే ఫోన్ చేసి అప్‌డేట్ చేయించి, ఈమెయిల్‌లో కన్ఫర్మేషన్ తీసుకోండి. విన్ మీద ఇచ్చే కవర్‌కి చాలాసార్లు గడువు కూడా ఉంటుంది, ఆ తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ నిజంగానే లేకుండా దొరికితే 300 పౌండ్ల ఫైన్, లైసెన్స్ మీద 6 పాయింట్లు. కోర్టుకెళ్తే ఇంకా ఎక్కువ. మనవాళ్లకి ఆ 6 పాయింట్లే అసలు దెబ్బ. ఇండియన్ లైసెన్స్ మీద అక్కడ 12 నెలలే నడపొచ్చు, తర్వాత బ్రిటన్ టెస్ట్ పాసవ్వాలి. మొదటి టెస్ట్ పాసైన 2 ఏళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. మళ్లీ ప్రొవిజనల్, మళ్లీ థియరీ, మళ్లీ ప్రాక్టికల్.

ఇంత చేసి తీసుకెళ్లడం దండగా కాదా అంటే, నా అభిప్రాయం సూటిగా చెప్తా. మామూలు హ్యాచ్‌బ్యాక్ అయితే జర్మనీలోనే అమ్మేసి బ్రిటన్‌లో కుడి స్టీరింగ్ కారు కొనుక్కోండి. ఎడమ స్టీరింగ్ కారుతో ఓవర్‌టేక్ చేయడం కష్టం, పార్కింగ్ టికెట్ మెషిన్ ఎప్పుడూ అవతలి వైపే ఉంటుంది, తిరిగి అమ్మాలంటే కొనేవాళ్లు తక్కువ. కారు బాగా విలువైనదై, రిలీఫ్ కచ్చితంగా దొరికి, హెడ్‌లైట్ల ఖర్చు ముందే తెలిసిపోతే అప్పుడు లెక్క వేరు. ఐర్లాండ్ నుంచి మారేవాళ్లకి కూడా వేరే, అక్కడి కార్లు కుడి స్టీరింగే కాబట్టి సగం తలనొప్పి ఉండదు. వాళ్ల కోసం ఇంకో ఎపిసోడ్ చేస్తాను.