చెమటకంపునకు పటికనీరు

చెమటోడ్చి బ్రదుకువానికి చెమట సిగ్గుగాదు. అయినను సంఘ సమావేశమున పదుగురి నడుమ కూర్చుండునప్పుడును, పట్టణమున చదువుకొను బిడ్డను చూడబోవునప్పుడును చంకలలోని కంపు మనలను వెనుకవరుసకు నెట్టుచున్నది. దీనికై యువకులు నెలనెల పరిమళపు డబ్బాలు కొనుచున్నారు. ఆ సొమ్ము ఇంట నిలుచు ఉపాయములను సభ్యులకు విన్నవింపదలచితిమి.

ముందు కంపు పుట్టుకను తెలిసికొనవలెను. అప్పుడే పుట్టిన చెమటకు వాసన లేనట్లే. మన చర్మమున రెండు విధములగు స్వేదగ్రంథులు కలవు. మొదటివి ఒడలంతటను వ్యాపించి, నీటివంటి ఉప్పుచెమటను విడిచి దేహమును చల్లబరచును. రెండవవి ముఖ్యముగా చంకలందును గజ్జలందును ఉండి, యౌవనారంభమున పనికి మొదలిడి చిక్కని ద్రవమును విడుచును. చర్మముపై నివసించు సూక్ష్మజీవులు దీనిని విఱిచి దుర్గంధమును పుట్టించును. కావున ఆ జీవుల వృద్ధిని అడ్డుటయే చికిత్స. ఒడలి చెమటను ఆపజూడరాదు. ఎండలో పనిచేయువానిని కాపాడునది అదియే.

1888వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ‘మమ్’ అను లేపనము వెలువడినది. అందలి మందు యశదపు సమ్మేళనము. 1903లో వచ్చిన ‘ఎవర్‌డ్రై’లో అల్యూమినియము క్లోరైడు ఉండెను. మన క్షౌరశాలలో గడ్డము గీసిన పిదప రుద్దు పటికయు అల్యూమినియపు లవణమే. ఇది చర్మమును బిగించి సూక్ష్మజీవులను అణచును. పటికరాతిలో అల్యూమినియము లేదని చెప్పి హెచ్చువెలకు అమ్మువారి మాట నమ్మరాదు.

పావులీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా పటికపొడి కరిగించి, సీసాలో పోసి, పేరు వ్రాసి, పిల్లలకు అందకుండ ఉంచవలెను. స్నానానంతరము చంకలను పొడిగుడ్డతో తుడిచి, ఈ నీటిని దూదితో పలుచగా అద్ది ఆరనీయవలెను. గొఱిగిన నాడును, ఒరపిడి గాని పుండు గాని ఉన్నప్పుడును వాడరాదు, మంట పుట్టును.

లేపనము కావలెనన్నవారు నాలుగు చెంచాల కొబ్బరినూనెను, ఒక చెంచా తురిమిన తేనెమైనమును వేడినీటి గిన్నెలో నిలిపిన పాత్రయందు కరిగించి, దింపి, నాలుగు చెంచాల పాలగుండపొడి కలిపి చల్లార్చవలెను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరగును. చలిదేశముల పద్ధతిని అనుసరించి మైనము లేక చేసినచో మన వేసవిలో అది నీరగును. మైనము 60 డిగ్రీలు దాటినగాని కరగదు. కొందఱు ఇందు వంటసోడా కలుపుదురు. సోడా క్షారము, చర్మము కొంచెము ఆమ్లము. అందుచే పలువురికి దద్దురులు లేచును. కలిపినను అరచెంచాకు మించరాదు. ఏదైనను ముందు మోచేతి లోపలివైపున రాసి రెండు దినములు చూడవలెను.

రైతు ముఖ్యముగా రెండింటి విషయమున జాగ్రత్త పడవలెను. నిమ్మరసము రాసికొని ఎండలోనికి పోయినచో చర్మము బొబ్బలెక్కి నల్లబడవచ్చును. నలుగుపిండిలో వేయు బావంచాలకును ఈ గుణమే కలదు. పొలమునకు పోవువారు వానిని మానుట మేలు. పెసరపిండితో నలుగు పెట్టుకొనుట మంచిదే. వట్టివేరు సువాసన నిచ్చును గాని కంపు మూలమును త్రెంచదు. బట్టల పెట్టెలో వేసికొనవచ్చును.

ఏ మందును స్నానమునకు బదులుగాదు. చెమట బట్టలను ఏనాటి కానాడు ఉతికి ఎండవేయవలెను. పురుగుమందు చల్లివచ్చిన నాడు సబ్బుతో స్నానము చేయక ఒంటికి ఏమియు రాయరాదు. ఆ బట్టలను వేఱుగా ఉతుకవలెను. చంకలో గడ్డలు లేచినను, వాసన హఠాత్తుగా మాఱినను వైద్యునికి చూపవలెను.

సొంత వాడుకకు వీనిని చేసికొనుటకు అనుమతి అక్కఱలేదు. అమ్మదలచినచో 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టమును, 2020 నాటి నిబంధనలను అనుసరించి లైసెన్సు పొందవలెను. పటికను, మైనమును పది ఇండ్లవారు కలిసి తెప్పించి పంచుకొన్నచో ఖర్చు తగ్గును. చిన్న వస్తువులయందు అలవడిన ఈ పొత్తే రేపు ఎరువులయందును విత్తనములయందును మనకు బలమగును.