చిప్పునకు ప్రోగ్రాము తయారగు విధము



కరెంటు రాగానే బావిమోటారును తనంతట నడిపించు చిన్నపెట్టెలను మీరు చూచియుందురు. ఆ పెట్టెలో ఒక చిప్పు ఉండును. మోటారును ఎప్పుడు వేయవలెనో, ఎప్పుడు ఆపవలెనో దానికి తెలుపు ఆజ్ఞల వరుసకే ప్రోగ్రామని పేరు. అట్టి ప్రోగ్రాములు వ్రాయుట నా వృత్తి.

మనము వ్రాసిన మూలప్రతి చిప్పునకు అర్థము కాదు. దానిని యంత్రభాషలోనికి మార్పవలెను. ఏటీమెగా 328పి అను చిప్పునందు ప్రోగ్రామునకు 32 కిలోబైట్ల చోటు మాత్రమే కలదు. ఈ మార్పు పని అందులో సాగదు. కావున పెద్ద కంప్యూటరుపై కంపైలరను సాధనము మూలప్రతులను ఒక్కొక్కదానినే మార్చును. లింకరను మరియొక సాధనము ఆ తునకలను ఒకటిగా కూర్చును. పిమ్మట దానిని తీగద్వారా చిప్పులోనికి ఎక్కింతురు.

మూలప్రతులు అనేకములైనప్పుడు, ఏది మారినచో ఏది మరల చేయవలెనో జ్ఞాపకముంచుకొనుట కష్టము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఒకరు తప్పును దిద్దియు, దిద్దినదానిని మరల కంపైలు చేయ మఱచి, ఒక ఉదయమంతయు లేని తప్పునకై వెదకిరి. అది చూచి వారి సహోద్యోగి స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గారు 1976లో మేక్ అను సాధనమును రచించిరి.

మేక్ చదువుకొను పట్టికయే మేక్ ఫైలు. తయారు కావలసిన ప్రతిదానికి ఎదుట, అది వేనిపై ఆధారపడియున్నదో, దానినెట్లు చేయవలెనో అందు వ్రాయుదుము. మేక్ ఫైళ్లు మారిన వేళలను పోల్చును. ఆధారము క్రొత్తదై, దానినుండి పుట్టినది పాతదైనచో, దానిని మాత్రము మరల చేయించును. పెండ్లివంటలో పప్పు మాడినచో వంటవాడు పప్పునే మరల వండును గాని బూరెలు తిరిగి వేయడు గదా!

అయితే పట్టికలో లేని సంబంధము మేక్‌కు తెలియదు. ఒక రైతుకు నేను చేసియిచ్చిన పెట్టె, కరెంటు వచ్చిన 10 సెకండ్లకే మోటారు వేయుచుండెను. వోల్టేజి నిలకడకు అది చాలక ఫ్యూజులు పోవుచుండగా, 60 సెకండ్లు ఆగునట్లు దిద్దితిని. ఆ అంకె హెడరను వేరొక ఫైలులో నుండెను. దాని పేరు నా మేక్ ఫైలులో వ్రాయలేదు. మేక్ మారినదేమియు లేదని చెప్పెను. నేను నమ్మి, పాత ప్రోగ్రామునే మరల ఎక్కించితిని. రెండు రాత్రులు తీగలు విప్పి తప్పు వెదకితిని. ఆ రెండు రాత్రులును రైతు మడికి నీరు లేదు.

హెడరు పేరు చేర్చి మరల చేయగా అన్నియు సరిపడెను. ఈ ఆధారముల జాబితాను కంపైలరే వ్రాసియిచ్చు ఏర్పాటు కలదు. నాటినుండి నేను దానినే వాడుచున్నాను.

పొలము దస్తావేజులో ఒక హద్దు వ్రాయక విడిచినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. మేక్ ఫైలును అట్టి దస్తావేజే.