గర్జన్‌కి జాలారి ఏమవుతుంది?

ప్లైవుడ్ దుకాణంలో బేరమాడినవారికి గర్జన్ పేరు కొత్త కాదు. అండమాన్‌లో ప్రోతరాపూర్ పొలిమేర దాటి దక్షిణ అండమాన్ అడవుల్లోకి వెళితే ఆ చెట్టే నిటారుగా, కొమ్మల్లేని బోదెతో కనిపిస్తుంది. శేషాచలం జాలారి, ఉత్తరాంధ్ర గుగ్గిలం దాని బంధువులే. మూడూ డిప్టెరోకార్పేసీ కుటుంబానివి.

ఆ పేరుకి మూలమైన గ్రీకు మాటలకు రెండు రెక్కల కాయ అని అర్థం. రెక్కలు పేరుకే. కాయలు చాలావరకు తల్లిచెట్టు దగ్గరే రాలతాయి, ఉప్పునీటికి తట్టుకోవు. మరి సముద్రాలకు ఇటూ అటూ ఈ చుట్టరికం ఎలా కుదిరింది?

చెట్లు ఈదలేదు, నేలే కదిలింది. గుజరాత్ లిగ్నైట్ గనుల్లో దొరికిన సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి అంబర్ ఈ కుటుంబపు జిగురేనని 2010లో తేలింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పరిశోధకులు 2022లో ఇంకా వెనక్కి వెళ్లారు. శిలాజ పుప్పొడి ఆధారంగా వారు చెప్పేదేమంటే, ఈ చెట్లు ఆఫ్రికాలో పుట్టి, సుమారు 7 కోట్ల ఏళ్ల క్రితం భారత్ చేరాయి. భారత భూఖండం ఆసియాను తాకాక ఆగ్నేయాసియాకు పాకి, అక్కడే వందల జాతులయ్యాయి. దారిలో మజిలీ అయిన మన ద్వీపకల్పంలో మిగిలినవి కొన్నే.

ఇంట్లో తగవు మాత్రం తీరలేదు. గుగ్గిలం, జాలారి రెండూ షోరియాలేనని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. డీఎన్‌ఏ సాక్ష్యంతో పీటర్ ఆష్టన్, జాక్వెలిన్ హెకెన్‌హావర్ 2022లో ఆ ఉమ్మడి కుటుంబాన్ని పంచేశారు. గుగ్గిలం షోరియాగానే ఉండగా, జాలారి ఆంథోషోరియా అయింది. అటవీ రికార్డుల్లో, కలప జాబితాల్లో పాత పేరే వెతికేవారికి ఇది తలనొప్పే. ఇక దక్షిణ తూర్పు కనుమల్లో తప్ప ఎక్కడా పెరగని షోరియా తంబుగ్గాయా, ఐయూసీఎన్ ముప్పు జాబితాలో ఉంది.