గిటారు కొనేముందు గురువును వెతకండి

పదో తరగతి పరీక్షలు ముగిసిన ఇంట్లో పిల్లలు కోరే కోరికల్లో ఈ రోజుల్లో గిటారు ఒకటి. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, తణుకు వంటి పట్టణాల్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో సైతం ఈ మోజు కనబడుతున్నది. తండ్రి నాలుగైదు వేలు పోసి గిటారు కొంటాడు. తరువాత ఎవరో చెప్పిన మాస్టారి దగ్గర చేర్పిస్తాడు. మొదటి నెల ఉత్సాహం, రెండో నెల వేళ్ల నొప్పి, మూడో నెల ఏదో ఒక సాకు. ఆరు నెలలు తిరిగేసరికి గిటారు బీరువా మీదికి చేరుతుంది. "మావాడికి సంగీతం అబ్బలేదండీ" అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఆ మాట మాత్రం పిల్లవాడి మనసులో ముద్ర పడిపోతుంది. పెద్దయ్యాక కూడా "నాకు సంగీతం రాదు" అనే చెప్పుకుంటాడు. నిజానికి చాలా సందర్భాల్లో లోపం పిల్లవాడిలో ఉండదు. అతని వయసుకు, చేతికి, ఇష్టానికి తగిన గురువు దొరకకపోవడమే కారణం. కనుక గిటారు ఎంపిక కంటే గురువు ఎంపిక ముఖ్యం.

వీణకు ఉన్న బాట గిటారుకు లేదు

మన ఇళ్లలో వీణో, వయొలినో, గాత్రమో నేర్పించేటప్పుడు ఈ చిక్కు ఇంతగా ఉండదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు, ఆపైన కృతులు. పురందరదాసు పేరిట వస్తున్న ఈ బాట ఎప్పుడో వేసి ఉన్నది. ఏ ఊళ్లో ఏ మాస్టారి దగ్గర చేరినా దాదాపు ఇదే వరుస. సంగీతం తెలియని తల్లి కూడా "జంట స్వరాలు అయ్యాయా?" అని అడిగి పిల్ల ఎంతవరకు వచ్చిందో తెలుసుకోగలదు.

గిటారుకు మన ప్రాంతంలో అటువంటి ఒప్పుకున్న వరుస లేదు. ఒక మాస్టారు సినిమా పాటతో మొదలుపెడతారు. ఒకరు స్టాఫ్ నొటేషన్ చదవడం నేర్పుతారు. చర్చి క్వయర్‌లో వాయించి చేయి తిరిగిన మరొకరు కార్డ్స్‌తో ఆరంభిస్తారు. ఇంకొకరు స్వరాలనే గిటారు మెట్ల మీద చూపిస్తారు. ఇందులో ఏదీ తప్పు కాదు. కాని ఏది ఎటు తీసుకుపోతుందో కొత్తగా చేరేవారికి తెలియదు. బాట లేనిచోట దారి చూపేవాడే బాట అవుతాడు. అందుకే గిటారు విషయంలో గురువు బాధ్యత ఎక్కువ, ఎంచుకునేవారి బాధ్యత కూడా ఎక్కువే.

ఏ గిటారు నేర్చుకోవాలని?

ముందుగా పిల్లవాడికి ఏ వాద్యం మీద మనసుందో తెలుసుకోవాలి. గిటారు అన్నది ఒకే వాద్యం కాదు. స్టీలు తీగల అకూస్టిక్ గిటారు పాటకు తోడుగా వాయించడానికి అనువైనది. నైలాన్ తీగల క్లాసికల్ గిటారును కుడిచేతి వేళ్లతో మీటుతారు. దీని తీగలు మెత్తన. ఎలక్ట్రిక్ గిటారుకు యాంప్లిఫయర్ కావాలి. ఒడిలో పెట్టుకుని, తీగల మీద లోహపు కడ్డీ జరుపుతూ వాయించే హవాయియన్ గిటారు పద్ధతి పూర్తిగా వేరు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా హిందుస్తానీ రాగాలు పలికించినది ఈ పద్ధతిలోనే. దానినే మార్చి మోహన వీణగా తీర్చిదిద్దిన విశ్వమోహన్ భట్‌కు 1994లో గ్రామీ బహుమతి లభించింది.

సినిమా పాట పాడుతూ వాయించాలన్న ఆశతో వచ్చిన కుర్రవాణ్ని క్లాసికల్ పద్ధతి మాత్రమే నేర్పే గురువు దగ్గర వేస్తే ఇద్దరికీ శ్రమే. కాబట్టి మాస్టారిని అడగవలసిన మొదటి ప్రశ్న "మీకు ఎంత బాగా వచ్చు?" అన్నది కాదు. "మీరు ఏ రకం గిటారు నేర్పుతారు?" అన్నది.

పరిమాణం సంగతి కూడా ఉన్నది. పెద్దల గిటారులో మోగే తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. ఏడెనిమిదేళ్ల పిల్లల చేయి అంత దూరం అందదు. వారికి సగం సైజు, తొమ్మిది పదేళ్లవారికి ముప్పాతిక సైజు, పన్నెండు దాటినవారికి పూర్తి సైజు సాధారణంగా సరిపోతాయి. ఈ మాట చెప్పకుండా ఇంట్లో ఉన్న అన్నయ్య గిటారే చాలునన్న మాస్టారి విషయంలో కాస్త ఆలోచించాలి.

పాలకొల్లు చెప్పే పాఠం

గురువు ఎంపిక గురించి చెప్పడానికి మన జిల్లావారు దూరం వెళ్లనక్కరలేదు. మాండలిన్ శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు అంతకుముందు సంప్రదాయం లేదు. ఆ వాద్యం మీద కృతులు నేర్పే గురువు ఎక్కడ దొరుకుతాడు?

శ్రీనివాస్ చేతికి మొదట మాండలిన్ ఇచ్చి నేర్పినది తండ్రి సత్యనారాయణ. ఏడేళ్ల వయసులో పాశ్చాత్య సంగీతం పరిచయం చేసినది గిటారు విద్వాంసుడు వాసూరావు. ఆ తరువాత పిల్లవాడిలోని విద్యను గుర్తించి చేరదీసినది తండ్రికి కూడా గురువైన రుద్రరాజు సుబ్బరాజు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. విశేషమేమంటే సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని దానిని వాద్యం మీద పలికించేవాడు. అలా నేర్చిన శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. 2014లో కన్నుమూసేనాటికి ఆయన పేరే మాండలిన్‌కు మారుపేరయింది.

ఇది విని వాద్యం రానివారి దగ్గరైనా చేరవచ్చునని అనుకుంటే పొరపాటు. సుబ్బరాజు గారి దగ్గరికి వచ్చేనాటికే పిల్లవాడి వేళ్లు తీగలకు అలవాటు పడి ఉన్నాయి. చేతిని తండ్రి తీర్చారు, చెవిని గురువు తీర్చారు. ఏ దశలో ఎవరు కావాలో వారు ఆ దశలో దొరికారు. కొత్తగా గిటారు పట్టేవాడికి ముందు కావలసినది చేతిని తీర్చేవారు. గొప్ప విద్వాంసుడు దొరకలేదని బాధపడనక్కరలేదు. మొదటి మెట్టును ఓపికగా ఎక్కించేవారు చాలు.

మొదటి తరగతిలో ఏం చూడాలి?

చాలామంది మాస్టార్లు ఒక తరగతిని ఉచితంగా చూడనిస్తారు. తల్లిదండ్రులు ఆ గంటా పక్కనే కూర్చుని గమనించాలి. పిల్లవాడు ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నాడో, ఏ పాటలంటే ఇష్టమో మాస్టారు అడిగారా? రాసే చేయి కుడిదా ఎడమదా అని కనుక్కున్నారా? తెచ్చిన గిటారును ఒకసారి చేతిలోకి తీసుకుని పరీక్షించారా?

ఈ చివరిది చిన్న సంగతిగా కనబడుతుంది గాని చాలా ముఖ్యమైనది. పన్నెండో మెట్టు దగ్గర తీగకు, మెట్టుకు మధ్య ఎడం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే నొక్కడం సులువు. చవక గిటార్లలో కొన్నింటికి ఇది ఇంకా ఎక్కువ ఉంటుంది. పెద్దవాళ్లకే వేలు నొప్పి పుడుతుంది, ఇక పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. మొదటి రెండు మూడు వారాలు ఎడమచేతి వేళ్ల కొసలు నొప్పి పెట్టడం మామూలే, చర్మం గట్టిపడితే తగ్గుతుంది. కాని గిటారు లోపం వల్ల వచ్చే నొప్పిని "ఓర్చుకో బాబూ" అని సరిపెట్టేవారు పిల్లవాడికి మేలు చేస్తున్నట్టు కాదు.

ఆరు తీగలను శ్రుతి చేయడం మొదటి నెలలోనే నేర్పాలి. లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఇ, ఎ, డి, జి, బి, ఇ అన్నది వాడుకలో ఉన్న శ్రుతి. ప్రతిసారీ మాస్టారే శ్రుతి చేసి ఇస్తుంటే పిల్లవాడు ఇంటి దగ్గర వారమంతా అపశ్రుతిలో సాధన చేస్తాడు. చెవి చెడిపోతుంది.

కార్డ్స్‌లో కూడా వరుస ఉన్నది. ఇ మైనర్‌కు రెండు వేళ్లు చాలు. ఎఫ్ మేజర్‌ను పూర్తిగా పట్టాలంటే చూపుడువేలు ఆరు తీగలనూ అడ్డంగా నొక్కాలి. మొదటి వారంలోనే ఎఫ్ ఇచ్చి, రాలేదని కసిరే మాస్టారికి బహుశా తాను నేర్చుకున్న రోజులు జ్ఞాపకం లేవు. సులువైనది ముందు, కష్టమైనది వెనుక పెట్టడంలోనే బోధన తెలిసిపోతుంది.

బాగా వాయించడం వేరు, నేర్పడం వేరు

వేదిక మీద మెరుపులా వాయించేవారిని చూసి అక్కడే చేరాలని కుర్రకారు ఉబలాటపడుతుంది. వాయించే చేయి వేరు, నేర్పే ఓర్పు వేరు. రెండూ ఉన్నవారు దొరికితే అదృష్టమే. ఒకటే దొరికితే కొత్తవారికి రెండోదే మేలు. అందుచేత మాస్టారి వాయిద్యం వినడంతో సరిపెట్టక, ఆయన దగ్గర ఏడాదిగా నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లల వాయిద్యం వినాలి. తాళం తప్పకుండా, ఆగకుండా ఒక పాట చివరిదాకా వాయించగలిగితే ఆ చోటు మంచిదే. పాట సగం వాయించి "మిగతాది ఇంకా చెప్పలేదు" అనేవారే ఎక్కువగా కనబడితే సందేహించవచ్చు.

తరగతిలో మాస్టారే ఎక్కువసేపు వాయిస్తున్నారా, పిల్లవాడు వాయిస్తున్నాడా అన్నది ఇంకొక గుర్తు. ఒకేసారి పది తప్పులు చెప్పేవారికంటే ఒక్క తప్పు పట్టుకుని అది పోయేదాకా విడవనివారు నయం. ఇంటి దగ్గర ఏం సాధన చేయాలో స్పష్టంగా చెప్పి పంపుతున్నారో లేదో కూడా చూడాలి. "బాగా ప్రాక్టీసు చెయ్యి" అంటే చాలదు. "ఇ మైనర్ నుంచి జి కి రోజూ పది నిమిషాలు మార్చు" అంటే అది పాఠం.

సర్టిఫికెట్లు, సెల్‌ఫోను పాఠాలు

లండన్ ట్రినిటీ కాలేజీ పరీక్షలకు తయారుచేస్తామన్న బోర్డులు ఇప్పుడు చాలాచోట్ల కనబడుతున్నాయి. ఇనిషియల్ అనే తొలి మెట్టు తరువాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు ఉంటాయి. ఒక వరుస, ఒక గడువు ఏర్పడటం ఇందులోని లాభం. ముందే చెప్పుకున్న బాట లేని కొరత కొంత తీరుతుంది. కాని ఏడాది పొడుగునా పరీక్షకు కావలసిన నాలుగు ముక్కలే రుద్దించి, ఐదో పాట అడిగితే చేతులెత్తేసేలా చేస్తే ఆ కాగితం గోడకు అందమే గాని చేతికి విద్య కాదు.

సెల్‌ఫోనులో వీడియోలు చూసి నేర్చుకునేవారూ ఉన్నారు. పాట తెలిసినవారికి, చేయి కుదిరినవారికి అవి బాగా ఉపయోగపడతాయి. కొత్తవారికి ఒక ఇబ్బంది ఉన్నది. వీడియో మనకు చూపిస్తుంది గాని మన చేతిని చూడదు. మణికట్టు వంకరగా పెట్టినా, భుజం బిగబట్టినా చెప్పేవారుండరు. ఆ అలవాటు ఆరు నెలలు ముదిరాక మాన్పించడం కొత్తగా నేర్పడంకంటే కష్టం. మొదటి మూడు నెలలైనా ఎదుట కూర్చుని చూసే మనిషి ఉండాలి. ఊళ్లో ఎవరూ దొరకనివారు కనీసం తమ చేతిని చూసి సరిదిద్దే ప్రత్యక్ష పాఠాన్ని ఫోనులో కుదుర్చుకోవడం మేలు.

ఫీజులు, వేళలు, మర్యాదలు

ఏడాది ఫీజు ముందే కట్టమంటే తొందరపడరాదు. నెలనెలా ఇచ్చే ఏర్పాటు ఇరువర్గాలకూ శ్రేయస్కరం. మన ప్రాంతంలో గిటారు నేర్పేవారిలో చాలామంది ఆర్కెస్ట్రాలలో, చర్చిలలో వాయించేవారు. పెళ్లిళ్ల రోజుల్లో, డిసెంబరు నెలలో వారికి తీరిక ఉండదు. తప్పిపోయిన తరగతులను ఎప్పుడు చెబుతారో ముందే మాట్లాడుకుంటే తరువాత మాట పట్టింపులు రావు. చిన్నపిల్లలను, ఆడపిల్లలను చేర్పించేటప్పుడు పెద్దవారు పక్కన కూర్చోవడానికి వీలుందో లేదో తప్పక అడగాలి. అందుకు ఇష్టపడనిచోట చేర్పించకపోవడమే మంచిది.

మాస్టార్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. నెల తిరిగాక పది రోజులకు ఫీజు ఇవ్వడం, అందులోనూ బేరం చేయడం, గిటారు ముట్టుకోకుండా వారం తరువాత పిల్లవాణ్ని పంపడం వారిని నీరసపరుస్తాయి. రోజుకు పదిహేను ఇరవై నిమిషాల సాధన ఇంటివారు చేయించాలి. ఆదివారం ఒక్కపూట రెండు గంటలు కూర్చోవడం దానికి సాటిరాదు.

మూడు నెలల తరువాత

క్రమంగా సాధన చేసే పిల్లవాడు మూడు నెలల్లో గిటారు శ్రుతి చేసుకోగలగాలి. ఐదారు కార్డ్స్ తడుముకోకుండా మార్చగలగాలి. ఒకటి రెండు పాటలు తాళంలో వాయించగలగాలి. ఇంత రాకపోతే సాధన తక్కువైందా, పాఠం కుదరలేదా అని మాస్టారితోనే నిదానంగా మాట్లాడాలి. నెలకొకరిని మార్చడం మంచిది కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క చోట మొదలుపెట్టడంతో పిల్లవాడు ఎప్పటికీ మొదటి పాఠంలోనే ఉండిపోతాడు. నిజంగా మార్చవలసి వస్తే చెప్పాపెట్టకుండా మానేయక, ఇవ్వవలసినది ఇచ్చి, నమస్కారం పెట్టి సెలవు తీసుకోవాలి. తరువాత ఎప్పుడైనా మళ్లీ ఆ గడప తొక్కే అవసరం రావచ్చు.

కనుక తల్లిదండ్రులు ముందు దుకాణానికి వెళ్లవద్దు. ఇద్దరు ముగ్గురు మాస్టార్ల దగ్గరికి పిల్లవాణ్ని తీసుకువెళ్లి, ఎవరి దగ్గర అతని ముఖం విప్పారిందో చూడాలి. ఆ మాస్టారినే వెంటబెట్టుకుని గిటారు కొనడానికి వెళ్లాలి. ఏ సైజు, ఏ తీగలు, ఎంత ధర అన్న మూడు ప్రశ్నలకూ ఆయనే సమాధానం చెబుతారు.