క్యాసెట్టులో చిక్కుకున్న గొంతు

మీ ఇంట్లో ఏ అలమరా అడుగునో పాత క్యాసెట్టు ఒకటి ఉండే ఉంటుంది. అమ్మమ్మ పాడిన మంగళహారతో, నాన్న సరదాగా తీసిన కూనిరాగమో అందులో ఉంటుంది. వెనకాల ఫ్యాను చప్పుడు, వంటింట్లో గిన్నెల మోత! ఆ గొంతు ఒక్కటీ విడిగా వినబడితే ఎంత బావుండునో అనిపించదూ?

న్యూయార్కులో యోకో ఓనో దగ్గర కూడా అలాంటి క్యాసెట్టే ఉండేది. అందులో పాడింది ఆమె భర్త జాన్ లెనన్. అవును, బీటిల్స్ లెననే! 1975లో కొడుకు షాన్ పుట్టాక ఆయన పాటల వ్యాపారం పక్కనపెట్టి, దాదాపు ఐదేళ్లు ఇంటిపట్టున ఉండి పిల్లాణ్ణి పెంచాడు. రొట్టెలు చేయడం కూడా నేర్చుకున్నాడు. (మగవాళ్లు వింటున్నారా!) ఆ రోజుల్లోనే ఇంట్లో పియానో ముందు కూర్చుని ఓ పాట పాడి, మామూలు టేప్‌రికార్డర్లో ఎక్కించుకున్నాడు. 1980 డిసెంబరు 8న ఇంటి ముందే ఆయన్ను కాల్చి చంపారు. పాట సగంలోనే ఆగిపోయింది.

1994లో యోకో ఆ పాటల్ని పాల్ మెకార్ట్నీ చేతికిచ్చింది. రెండింటికి మిగతా ముగ్గురూ తమ వాయిద్యాలు జోడించి 1995, 96 సంవత్సరాల్లో విడుదల చేశారు. మూడోది 'నౌ అండ్ దెన్'. దాన్ని మాత్రం కొన్నాళ్లు ప్రయత్నించి వదిలేశారు. గొంతు మీద పియానో ఎక్కి కూర్చుంది, పైగా కరెంటు గుయ్యిమనే రొద! గొంతు పెంచితే పియానో కూడా పెరిగేది. ఉడికిపోయిన సాంబారులోంచి చింతపండు పులుసు వేరు చేసివ్వమంటే మనం మాత్రం ఏం చేయగలం చెప్పండి?

ఆ విద్య కాస్తా తర్వాత దొరికింది. 1969లో బీటిల్స్ స్టూడియోలో ఉండగా తీసిన పాత ఫిల్ములతో దర్శకుడు పీటర్ జాక్సన్ 2021లో 'గెట్ బ్యాక్' తీశాడు. ఆ టేపుల్లో మాటలు, గిటారు, డ్రమ్ములు అన్నీ కలగలిసి ఉన్నాయి. ఆయన బృందం కంప్యూటరుకి ఒక్కొక్కరి గొంతునీ, ఒక్కొక్క వాయిద్యాన్నీ గుర్తుపట్టడం నేర్పి, దేనికది విడదీసింది. లెనన్ క్యాసెట్టుకీ అదే పని చేశారు. కంప్యూటరు కొత్తగా గొంతు పుట్టించలేదు, ఉన్న గొంతునే పైకి తీసింది. జార్జ్ హారిసన్ 2001లోనే పోయాడు, కానీ 1995లో ఆయన వాయించిన గిటారు భద్రంగా ఉంది. పాల్, రింగో మిగతాది పూర్తిచేశారు. 2023 నవంబరు 2న విడుదలైన పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో గ్రామీ వచ్చింది. వేదిక మీద అందుకున్నది ఎవరనుకున్నారు? తండ్రి ఇంట్లో ఉండి పెంచిన ఆ షానే!

ఇంతకీ రీమిక్స్ అనగానే మనకు గుర్తొచ్చేది పాత సినిమా పాటకి డబడబ డ్రమ్ములు తగిలించడం. ఇది అది కాదు. రీమాస్టర్ అంటే తయారైపోయిన టేపునే దుమ్ము దులిపి, హెచ్చుతగ్గులు సరిచేయడం. పాత పట్టుచీరకి పాలిష్ పెట్టించినట్టన్నమాట. 2009 సెప్టెంబరు 9న బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ అలా వచ్చాయి. రీమిక్స్ అంటే ఇంకా వెనక్కి వెళ్లి, విడివిడి ట్రాకులు తీసి, ఏది ఎంత వినబడాలో మళ్లీ కొలుచుకోవడం. 1966 నాటి 'టాక్స్‌మన్' పాటలో గిటారు, బేస్, డ్రమ్ములు మూడూ ఒకే ట్రాకులో ఉండిపోయాయి. ఆ కంప్యూటరు విద్య వచ్చాకే 2022లో వాటిని విడదీయగలిగారు.

ఈ పనంతా చేస్తున్న గైల్స్ మార్టిన్ కథ నాకు పాటలకన్నా ఎక్కువ నచ్చింది. బీటిల్స్ పాటల్ని తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ కొడుకితను. నలుగురూ విడిపోయే దశలో, 1969 అక్టోబరులో పుట్టాడు. ఏళ్లు గడిచేకొద్దీ తండ్రికి చెముడు వచ్చింది. సంగీతమే బతుకైన మనిషికి చెవులు పోతే ఎలా ఉంటుంది! అప్పుడు ఆయన తరఫున విన్నది ఈ కొడుకే. 2006లో తండ్రీ కొడుకులిద్దరూ కలిసి 'లవ్' ఆల్బమ్ చేశారు. 2016లో తండ్రి పోయాడు. మరుసటి ఏడే 'సార్జెంట్ పెప్పర్' రీమిక్స్ కొడుకు చేతిమీదుగా వచ్చింది. నాన్న కొలిచి పెట్టిన ఉప్పూ కారం మార్చాలంటే చెయ్యి వణకదూ?

ఆ ఆల్బమ్‌లోనే 'షీజ్ లీవింగ్ హోమ్' ఉంది. ఇల్లు వదిలి వెళ్లిపోయే ఆడపిల్ల పాట. అందులో హార్ప్ వాయించింది షీలా బ్రోంబర్గ్. బీటిల్స్ రికార్డులో వాయించిన మొదటి మహిళ ఆమే! 1967 మార్చి 17 రాత్రి మళ్లీ మళ్లీ వాయించమన్నారు, చివరికి మొదటిసారి వాయించిందే ఖాయం చేశారు. (చీరల కొట్లో మన సంగతీ అంతే కదా!) ముట్టింది 9 పౌండ్లు. రికార్డు అట్ట మీద ఆమె పేరే లేదు. 2021లో ఆమె కన్నుమూసింది.

అందరికీ ఈ మార్పులు నచ్చాయా అంటే, లేదు. పాత రికార్డుల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ముట్టుకోవద్దంటారు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చినప్పుడు మన ఇళ్లలో ఇలాంటి వాదనే జరిగింది. నిజం చెప్పాలంటే, నలుపు తెలుపుల్లో మార్కస్ బార్ట్లీ పట్టిన ఆ వెన్నెలకే నా ఓటు! పాటల దగ్గరికొస్తే మాత్రం మనసు మార్చుకున్నాను. ఎందుకంటే అరవైల నాటి స్టీరియోలో గొంతొక పక్క, వాయిద్యాలొక పక్క ఉండేవి. 'ఎలినార్ రిగ్బీ'లో చరణాలు పాడే గొంతు కుడి చెవికే వినబడేది. గ్యాసు మీద పాలు పొంగుతాయేమోనని ఒక చెవికే ఇయర్‌ఫోను పెట్టుకునే మనలాంటివాళ్లకి సగం పాటే దక్కేదన్నమాట. కొత్త మిక్స్‌లో గొంతు మధ్యలోకి వచ్చి నిలబడింది.

పాతవీ కొత్తవీ రెండూ దొరుకుతున్నాయి కాబట్టి, ఓ మధ్యాహ్నం తీరిక చేసుకోండి. 'షీజ్ లీవింగ్ హోమ్' పాత స్టీరియో ముందు విని, వెంటనే 2017ది వినండి. పాతది కాస్త నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. కొత్తదాంట్లో అప్పటి మోనో రికార్డు వేగమే ఉంచారు, అందుకే గొంతు లేతగా ఉంటుంది. ఎవరూ పాడకముందే మొదలయ్యే ఆ తీగల సవ్వడి షీలాది. ఈసారికి రెండు చెవులకీ పెట్టుకోండి మరి, పాల సంగతి ఎవరికైనా అప్పజెప్పి!