నాదం నడిచే దారి

శబ్దం ఆకాశగుణమని న్యాయవైశేషికులు చెప్పారు. ఇంట్లో పాట వినగోరేవారికి మాత్రం ఆ శబ్దం విద్యుత్ప్రవాహ రూపంలో ఆంప్లిఫయరు నుండి స్పీకరు వరకు ఒక తీగె గుండా రావలసిందే. ఈ నడక నాలుగైదు మీటర్లే అయినా దాని పేరిట జరిగే వ్యాపారం చిన్నది కాదు. మీటరు కొన్ని పదుల రూపాయలకు దొరికే తీగె ఉంది. వేలు పలికే తీగె కూడా ఉంది. దేనిని కొనాలి?

ఈ ప్రశ్న నాకు ఎదురైన సందర్భం చెబుతాను. మా నాన్నగారు హరికథలంటే చెవి కోసుకొనేవారు. వృద్ధాప్యంలో ఇల్లు కదలలేని ఆయన కోసం ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొని, పాత హరికథల రికార్డింగులు వినిపించాను. కాసేపు విని, "మృదంగం ఏదిరా? తొప్పి మోగడం లేదు" అన్నారు. లోపమంతా తీగెదేనని దుకాణదారు నమ్మబలికాడు. జీతంలో నాలుగోవంతు పోసి, పట్టుదారపు అల్లికతో మెరిసే తీగెను తెచ్చి బిగించాను. నాన్నగారు మళ్ళీ అదే మాట అన్నారు.

అసలు తీగె చేసే పని ఏమిటి? విద్యుత్తును తక్కువ నష్టంతో చేరవేయడమే. తీగె నిరోధం దాని పొడవును బట్టి పెరుగుతుంది, మధ్యచ్ఛేద వైశాల్యాన్ని బట్టి తగ్గుతుంది. జార్జ్ ఓమ్ తన సిద్ధాంతాన్ని 1827లో ప్రచురించిన నాటి నుండి ఇది తెలిసిన విషయమే. 1970ల చివరివరకు అమెరికాలో కూడా బల్లదీపాలకు వాడే జంటతీగెనే స్పీకర్లకు కలిపేవారు. ఆ కాలంలో నోయెల్ లీ అనే ఇంజనీరు లావైన తీగెలను 'మాన్‌స్టర్ కేబుల్' పేరిట అమ్మసాగిన తరువాత స్పీకరు తీగె ఒక ప్రత్యేకమైన సరుకుగా మారింది. లావు తీగె మేలన్న మాటలో నిజముంది. అయితే ఎంత లావు కావాలి?

తీగె నిరోధం స్పీకరు అవరోధంలో 5 శాతానికి మించకూడదన్నది వాడుకలో ఉన్న ఒక లెక్క. 8 ఓముల స్పీకరుకు ఈ హద్దు 0.4 ఓములు. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే విద్యుత్తు పోయి రావాలి గనుక తీగె పొడవు 10 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని రాగితీగె అయితే నిరోధం సుమారు 0.35 ఓములు, అంటే అదికూడా హద్దులోనే ఉన్నది! దూరం రెట్టింపయితే మాత్రం హద్దు దాటుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగె అయితే 5 మీటర్ల దూరానికి 0.07 ఓములే. ఇంటికి అది ధారాళంగా చాలు. స్పీకరు అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉండదు. కనుక నిరోధం మరీ పెరిగితే కొన్ని స్వరాలు కొంత ఎక్కువగా, కొన్ని తక్కువగా వినవస్తాయి. సన్నతీగె వలన కలిగే అసలు దోషమిదే.

వెండితీగె గొప్పదంటారు. వెండి నిరోధకత రాగి కంటె ఐదారు శాతమే తక్కువ. రాగితీగెను కాస్త లావుగా తీసుకొంటే ఆ లోటు తీరిపోతుంది. జాగ్రత్త పడవలసినది మరొక చోట. రాగిపూత పూసిన అల్యూమినియం తీగెను రాగితీగెగా అమ్మడం కద్దు. అల్యూమినియం నిరోధకత రాగి కంటె సుమారు 60 శాతం ఎక్కువ. ఒక పోగును చాకుతో గీకి చూస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. (పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే అది తగరపు పూత పూసిన రాగి, దానికి భయపడనక్కరలేదు.) ఎలక్ట్రికల్ దుకాణంలో ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న, పోగులతో కూడిన మెత్తని రాగితీగెను రెండు వరుసలు తీసుకొంటే చాలు. ఎరుపు ఒకటి, నలుపు ఒకటి అయితే మరీ మంచిది. రంగుల ప్రయోజనం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంటర్మీడియట్‌లో నా వద్ద తెలుగు చదివి, తరువాత రేడియో మరమ్మతు దుకాణం పెట్టుకొన్న విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. స్పీకర్ల వెనుకకు వంగి చూసి, "తప్పు తీగెది కాదు మాస్టారూ! ఒక స్పీకరుకు ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయి" అన్నాడు. అలా కలిపినప్పుడు ఒక స్పీకరు పొర ముందుకు వస్తుంటే రెండవది వెనుకకు పోతుంది. ఒకటి గాలిని నెట్టినప్పుడు మరొకటి లాగుతుంది. మంద్రధ్వనులు ఒకదానినొకటి హరించుకొంటాయి. పాత రికార్డింగులలో రెండు స్పీకర్లకూ ఒకే ధ్వని వెళ్తుంది గనుక ఆ నష్టం మరింత ఎక్కువ. తొప్పి మూగబోయినది అందుకే. పాత తీగెను తీసి కొత్తది బిగించినప్పుడు కూడా నేను అదే తప్పును శ్రద్ధగా మళ్ళీ చేశాను!

అతడు కొనలు మార్చాడు. తరువాత నా ఖరీదైన తీగెను విప్పి, తన సంచిలోని మామూలు తీగెను కలిపి, అదే ఘట్టాన్ని అదే స్థాయిలో మళ్ళీ వినిపించాడు. మా ముగ్గురిలో ఎవరికీ తేడా తెలియలేదు. నాన్నగారు మాటాడకుండా మంచంపట్టె మీద తాళం వేస్తూ ఉండిపోయారు. పట్టు అల్లిక తీగె ఇప్పటికీ మా అటక మీద ఉంది.